గేటు దాటితేనే సముద్రం

మాది చీరాల. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత దొరికిన ఉద్యోగం హైదరాబాదు చుట్టాలకి జీతం లేని గైడుగా ఉండటం. డిసెంబరు వచ్చిందంటే చాలు, శనివారం పొద్దున ఏదో ఒక కారు మా వీధిలోకి తిరుగుతుంది. పిల్లల చేతుల్లో ప్లాస్టిక్ బకెట్లు, మా అక్క కొడుకు నెత్తిన గడ్డి టోపీ. మధ్యాహ్నానికి రిసార్టులో దిగుతారు, పూల్‌లో మునుగుతారు, రాత్రికి మంట వేసుకుని పాటలు పెట్టుకుంటారు. ఆదివారం గది ఖాళీ చేసి వెళ్తూ వెళ్తూ మా గుమ్మం ముందు ఆగి అంటారు: "బాగానే ఉంది పిన్నీ, కానీ ఇక్కడ చూడ్డానికేం లేదు."

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు దారి చెప్తాను. బాపట్ల నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు. చీరాల నుంచి వాడరేవు ఆటోలో వెళ్లొచ్చేంత దూరం, దాని పక్కనే రామాపురం. సూర్యలంకలో టూరిజం వాళ్ల హరిత రిసార్టు ఉంది. వాడరేవు, రామాపురం వైపు ప్రైవేటువాళ్లవి వరసగా లేచాయి. హైదరాబాదు వాళ్లు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పట్టుకుంటారు. రైలయితే విజయవాడ–గూడూరు లైన్లో బాపట్ల, చీరాల రెండూ స్టేషన్లే. ఒకప్పుడు బాపట్ల గుంటూరు జిల్లాలో, చీరాల ప్రకాశంలో ఉండేవి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రెండూ ఒక గూటికి చేరాయి.

ఇక రిసార్టు సంగతి. చల్లటి గది కావాలి, ఉప్పునీళ్లు కడుక్కోవడానికి మంచినీళ్ల షవరు కావాలి, పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్లు కాళ్లు చాపుకోవడానికి వరండా కావాలి. ఈ మూడింటికీ రిసార్టు మంచిదే, కాదనను. ఇసకలో విడిది మావాళ్లకి కొత్తేమీ కాదు కూడా. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టం పొమ్మని స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల–పేరాల జనం ఊళ్లు ఖాళీ చేసి, రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో దాదాపు ఏడాది ఉన్నారు. వాళ్లకి పూల్ లేదు, అంతే తేడా. అయితే రిసార్టుకో టైము ఉంటుంది, సముద్రానికో టైము ఉంటుంది. రిసార్టు ఎనిమిదింటికి ఇడ్లీ పెడుతుంది. అప్పటికి ఒడ్డున అసలు పని అయిపోయి, కాకులు మిగిలిన చేపపిల్లలు ఏరుకుంటూ ఉంటాయి.

కాబట్టి లేవాల్సింది ఐదింటికి. మా తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. గోవా చూసొచ్చినవాళ్లు సాయంత్రం కుర్చీలు వేసుకుని సముద్రం వైపు కూర్చుని "సన్‌సెట్ ఎప్పుడండీ?" అని అడుగుతారు. అది వెనకాల సరుగుడు తోటల్లో అయిపోతుంది నాయనా, మనది తూర్పు తీరం. పొద్దున్నే లేవలేనివాళ్లు ఈ ఒడ్డుకి రావడం పెళ్లి అయిపోయాక భోజనానికి రావడం లాంటిది.

తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. రాత్రంతా నేల తొందరగా చల్లారుతుంది, నీళ్లు వెచ్చగా ఉంటాయి, అందుకని. ఏడో తరగతిలో నేను చెప్పిన పాఠమే. ఇంజన్లు లేని రోజుల్లో తెరచాప పడవలు ఈ గాలి పట్టుకుని లోపలికి వెళ్లి, మధ్యాహ్నం ఎదురు తిరిగిన సముద్రపు గాలి పట్టుకుని ఒడ్డుకి వచ్చేవి. ఇప్పుడు ఫైబర్ పడవలకి ఇంజన్లున్నాయి కాబట్టి గాలితో పని లేదు. పొద్దున పూట కెరటాలు నిమ్మళంగా ఉండటం మాత్రం అలాగే ఉంది.

ఆ వేళ వాడరేవు ఒడ్డున నిలబడితే అలివి వల లాగడం కనబడొచ్చు. రోజూ ఉంటుందని చెప్పలేను, ఉన్నరోజు మాత్రం వదులుకోకూడదు. వల తాడు ఒక కొస ఒడ్డున మనుషుల చేతుల్లో ఉంటుంది. పడవ మిగతా వలని సముద్రంలో అర్ధచంద్రాకారంగా జార్చుకుంటూ పోయి, రెండో కొసని కొంత దూరంలో ఒడ్డుకి తెస్తుంది. అక్కణ్నుంచి రెండు జట్లు లాగుడు. ముఖం సముద్రం వైపు, అడుగులు వెనక్కి. తాడు నడుం మీదుగా ఆనించుకుని ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తారు. అందరికంటే వెనకున్నవాడు తాడు చుట్ట వేసి, పరుగెత్తుకెళ్లి నీళ్ల అంచున మళ్లీ ముందు పట్టు పడతాడు. ఇలా గంటల తరబడి. జట్లు రెండూ లాగుతూ లాగుతూ దగ్గరికి జరుగుతాయి. చివరికి వల మధ్యనున్న సంచి తేలినప్పుడు నీళ్లు ఉడుకుతున్నట్టు కదులుతాయి. ఒక్కోసారి సంచి నిండా నెత్తళ్లు, ఒక్కోసారి నాచూ జెల్లీఫిష్షులే. నా శిష్యుడొకడు అక్కడ తాడు పడతాడు. "టీచరమ్మగారూ, ఈ రోజు డీజిల్ ఖర్చు కూడా రాలేదు" అని నవ్వుతూ చెప్తాడు. మా మనవలు తాడు పట్టుకుంటామంటే వాళ్లు కాదనరు, పిల్లల చెయ్యి పడితే కలిసొస్తుందంటారు. వల ఒడ్డుకి చేరేదాకా మనవల్ని కదిలించడం నా వల్ల కాలేదు. పూల్ మాట ఎవరూ ఎత్తలేదు.

పడవలు వచ్చాక వేలంపాట. కిలోల లెక్క తక్కువ, కుప్పల లెక్క ఎక్కువ. ఇసక మీద చేపలు కుప్ప పోస్తారు, చుట్టూ గంపలతో ఆడవాళ్లు, పాట పాడేవాడు ఊపిరి తీసుకోకుండా అంకెలు పెంచుతూ పోతాడు. వంజరం, చందువ లాంటి పెద్ద సరుకు ఐసు పెట్టెల్లోకెక్కి ఊళ్లకి పోతుంది. మనలాంటివాళ్లకి మిగిలేవి కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, చిన్న రొయ్యలు, ఎండ్రకాయలు. ఇవి మిగిలాయని చిన్నబుచ్చుకోకండి. ఒడ్డున పుట్టినవాళ్లు ఇంట్లో తినేది ఇవే.

చేప కొనేటప్పుడు కన్ను చూడాలి. తేటగా, కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి, లోపలికి గుంటపడకూడదు. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడ్డ గుంట వెంటనే పూడాలి. ఎండ్రకాయని చేత్తో ఎత్తి బరువు చూడాలి. సైజుకి మించిన బరువుంటే లోపల కండ ఉన్నట్టు, తేలిగ్గా ఉంటే డొల్ల. పొట్ట కింద పలక వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది. నేను ఇంతకుమించి ఏమీ చూడను. ధర దగ్గర మాత్రం కొత్త ముఖం చూసి పది ఎక్కువ చెప్తారు, అది ఇచ్చేయండి. రిసార్టు మెనూలో దానికి నాలుగింతలు పోస్తారు.

మెనూ అంటే గుర్తొచ్చింది. సముద్రం ఎదురుగా కూర్చుని మావాళ్లు మొదట చెప్పే ఆర్డరు అపోలో ఫిష్. అది హైదరాబాదులో పుట్టిన వంటకం, ముల్లు లేని చెరువు చేపతో చేస్తారు. మూడొందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వదిలొచ్చిన ఊరి వంట తినడమెందుకో నాకు అర్థం కాదు. ఒక రిసార్టులో వంజరం వేపుడని తెచ్చిపెట్టారు. ముక్క నోట్లో పెట్టుకోగానే అది చెరువులో పెంచే బాసా అని తెలిసిపోయింది. తెల్లగా, మెత్తగా, ఏ రుచీ లేకుండా. వంజరానికి ముక్కకి గట్టిదనం ఉంటుంది, నడుమ ఒకే వెన్నుముల్లు, గుండ్రంగా కోసిన ముక్కకి అంచున వెండి రంగు తోలు. ఈ గుర్తులు చూసి తినండి.

రొయ్యల్లోనూ అదే కథ. బాపట్ల నుంచి రేపల్లె దాకా రోడ్డుకి రెండు పక్కలా నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతున్న చెరువులు కనబడతాయి, ఎక్కువగా వనామీ రొయ్యలవి. 2009లో మన దేశంలో ఈ రకాన్ని పెంచడానికి అనుమతి వచ్చింది, ఆంధ్ర తీరం అంతా దీనిమీద పడింది. ఎగుమతికి బంగారం. రుచికి నా ఓటు మాత్రం సముద్రపు రొయ్యకే. చిన్నదైనా సరే, దానికి ఒక తీపి ఉంటుంది. చింతచిగురు దొరికే ఎండాకాలంలో ఆ చిన్న రొయ్యలు చిగురులో వేసి వండితే ఇంకేమీ అక్కర్లేదు. గోంగూరతో ఏడాది పొడుగునా కుదురుతుంది.

కొన్న చేప ఎక్కడ వండించుకోవాలి అన్నది మీ ప్రశ్న. ఒడ్డున చిన్న చిన్న పాక హోటళ్లవాళ్లు మీరు తెచ్చిన చేపని కూలి తీసుకుని వండిపెడతారు. కొన్ని రిసార్టుల వంటవాళ్లూ చేస్తారు, ముందురోజే అడిగి పెట్టుకోవాలి. వేపుడు కంటే పులుసు చెప్పండి. మా వైపు పులుసులో కొబ్బరి వెయ్యరు. చిక్కటి చింతపండు గుజ్జు, గుంటూరు కారం, దించే ముందు వేయించి కొట్టిన మెంతిపొడి. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు. చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని చుట్టూ తిప్పాలి, ముక్క విరక్కుండా పులుసు కలుస్తుంది. పొద్దున వండింది రాత్రికి బాగుంటుంది, రాత్రిది మర్నాటికి ఇంకా బాగుంటుంది. నెత్తళ్లయితే తలలు గిల్లి, ఉప్పూ కారం పసుపూ పట్టించి, పెనం మీద గరగరలాడేలా వేయించమనండి. ముల్లుతో సహా తినేయొచ్చు. మార్చిలో పుల్ల మామిడికాయ వస్తే నెత్తళ్లు అందులో పడాల్సిందే. ఇంట్లో బాలింత ఉంటే పాలు పడతాయని సొర చేప తెచ్చి, ఉడకబెట్టి, ముల్లు తీసి, ఉల్లిపాయా వెల్లుల్లితో పొడిపొడిగా వేయించి పెడతారు. సొరపుట్టు అంటారు. బాలింతలు కానివాళ్లూ లొట్టలేస్తూ తింటారనుకోండి.

పది దాటాక ఒడ్డున చేసేదేమీ లేదు. ఇసక కాలుతుంది, కళ్లు మూతలు పడతాయి. అప్పుడు కారు తీసి లోపలికి రండి.

మొదట వేటపాలెం. జీడిపప్పు ఊరు. మా తీరంలో నేలంతా ఇసక దిబ్బలే. సముద్రం ఒకప్పుడు ఇంకా లోపలికి ఉండి, వెనక్కి జరుగుతూ వదిలేసిన పాత ఒడ్లు ఇవి. ఇసకలో వరి పండదు, వేరుశెనగా సరుగుడూ జీడిమామిడీ పండుతాయి. వేటపాలెంలో గింజలు కాల్చి, కొట్టి, పప్పు తీసే పని ఆడవాళ్లదే. గింజ పెంకులో ఉండే నూనె చర్మానికి తగిలితే పొక్కులెక్కుతుంది. అందుకని చేతికి నూనె రాసుకుని కూర్చుంటారు. అయినా ఆ పనిలో ఏళ్లు గడిచినవాళ్ల వేళ్ల కొసలు నల్లగా ఉంటాయి. జీడిపప్పు ధర ఎక్కువని గొణిగేముందు ఆ వేళ్లు ఒకసారి చూడండి. కొనేటప్పుడు గుండు, బద్ద, ముక్క అని అడగాలి. గుండులో మళ్లీ నంబర్లు. 240 నంబరంటే ఒక పౌనుకి 240కి మించకుండా తూగే పప్పు. 320 అంటే కాస్త చిన్నది. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. పాయసంలోకి బద్ద చాలు, గుండు కొని డబ్బులు పారెయ్యకండి. మార్చి, ఏప్రిల్‌లో వస్తే జీడిమామిడి పండు కూడా దొరుకుతుంది. వాసన మత్తుగా ఉంటుంది, గొంతు కాస్త పట్టేస్తుంది, రసం బట్టల మీద పడితే మరక పోదు. తెల్ల చొక్కాలవాళ్లు దూరంగా ఉండండి.

అదే ఊళ్లో సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన గ్రంథాలయం. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల సంపుటాలు అక్కడ ఉన్నన్ని చాలాచోట్ల లేవు. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కణ్నుంచో వచ్చి కూర్చుంటారు. బీచికి వచ్చినవాడు లైబ్రరీకి ఎందుకు వెళ్లాలంటారా? ఫ్యాను కింద చల్లగా కూర్చుని మీ తాతగారు పుట్టిన ఏటి పత్రిక ఉందేమో అడిగి చూడండి. మా అక్క కొడుకు వెళ్లడానికి మొహం ముడిచాడు. భోజనానికి లేపడానికి నేను మళ్లీ ఫోను చెయ్యాల్సొచ్చింది.

చరిత్ర మీద కాస్త ఇష్టం ఉంటే ఇంకొంచెం దక్షిణంగా చినగంజాం వైపు వెళ్లి మోటుపల్లి చూడాలి. ఇప్పుడు చూస్తే చిన్న పల్లెటూరు, పాత గుళ్లు, ఇసక. కాకతీయుల కాలంలో ఇది రేవు పట్నం. 1244లో గణపతిదేవుడు ఇక్కడ వేయించిన అభయ శాసనం వీరభద్రస్వామి గుడి దగ్గరి స్తంభం మీద ఉంది. అంతకుముందు రాజుల కాలంలో తుపానుకి కొట్టుకొచ్చిన ఓడ ఏ రాజ్యం ఒడ్డుకి తగిలితే ఆ రాజు సరుకంతా లాక్కునేవాడట. గణపతిదేవుడు ఆ పని చెయ్యబోమన్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటొచ్చేవాళ్ల దగ్గర ముప్పై పాళ్లలో ఒక పాలు సుంకం తప్ప ఏమీ తీసుకోమని రాయి మీద రాయించి మాటిచ్చాడు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు అని సరుకుల జాబితా కూడా ఉంది. నా పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు, పుస్తకం మూసి కిటికీలోంచి సముద్రం వైపు చూపించేదాన్ని. తర్వాతి తరంలో మార్కోపోలో రాసిన ముత్ఫిలి ఇదేనని చరిత్రకారులు అంటారు. ఒక రాణి న్యాయంగా పాలిస్తోందనీ, ఇక్కడి నూలుబట్ట సాలీడు గూడంత సన్నమనీ రాశాడు. రాణి రుద్రమదేవే.

ఆ నేత ఇంకా చావలేదు. చీరాల, పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం వీధుల్లో మధ్యాహ్నం నడిస్తే మగ్గం చప్పుడు వినబడుతుంది. ఒకప్పుడు చీరాల తేలియా రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకి వెళ్లేవి. ఇప్పుడు కుప్పడం చీరలు పేరు మోశాయి. షాపులో కాకుండా నేసే ఇంట్లోనే కూర్చుని చూసి కొనండి. బేరం మాత్రం ఆడకండి.

నాలుగున్నరకి మళ్లీ ఒడ్డు. ఇక్కడ కాస్త కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. ప్రతి ఏడూ ఈ తీరంలో కుర్రాళ్లు మునిగిపోతున్నారు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. మా ఒడ్డు వాలు తక్కువ, చాలా దూరం మోకాలి లోతే ఉంటుంది, అది చూసి ధైర్యం వస్తుంది. కానీ నీటి అడుగున ఇసక మెరకలుంటాయి, మెరకల మధ్య గండ్లుంటాయి. కెరటాలు ఒడ్డుకి తోసిన నీళ్లన్నీ వెనక్కి పోవాలి కదా. ఆ గండ్లలోంచే పోతాయి, ఏరులా పారతాయి. అక్కడ లోతెక్కువ కాబట్టి కెరటం విరగదు, నురగ ఉండదు, నీళ్లు నల్లగా ప్రశాంతంగా కనబడతాయి. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ నడుమ ప్రశాంతంగా ఉన్న చోటు చూసి, పిల్లల్ని తీసుకుని సరిగ్గా అక్కడికే దిగుతారు మనవాళ్లు.

ఆ లాగుడులో చిక్కినవాడు ఒడ్డుకేసి ఈదుతాడు. ఎంత ఈదినా వెనక్కే పోతాడు, చేతులు పడిపోతాయి. అలా ఈదకూడదు. ఒడ్డు పొడవునా పక్కకి ఈదాలి. ఆ ఏరు వెడల్పు తక్కువే, కాస్త పక్కకి జరిగితే వదిలేస్తుంది. అప్పుడు కెరటాలతో పాటు ఒడ్డుకి రావచ్చు. ఈదే ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. పక్కనున్నవాడు దూకకుండా తాడో, ట్యూబో, ఖాళీ క్యానో విసరాలి. నడుం లోతు దాటొద్దు. మందు తాగి దిగొద్దు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుంది. అది కూడా రోజుకి ఓ యాభై నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది కాబట్టి నిన్న ఇదే టైముకి బాగుంది కదా అంటే కుదరదు. ఎక్కడ దిగాలో జాలర్లని అడగండి. వాళ్లు వద్దన్నచోట మీకు పని లేదు.

నీళ్లలోంచి వచ్చాక ఆకలి నకనకలాడుతుంది. పిడతకింద పప్పు బండి చూసుకోండి. గంపలో బొరుగులూ వేయించిన పప్పులూ కుప్ప పోసి, దానిమీద నిప్పులు వేసిన పిడత పెడతారు, అడుగున పప్పు కరకరలాడుతూ వెచ్చగా ఉంటుంది. అడగ్గానే పిడత పక్కకి జరిపి, కింద నుంచి తీసి, ఉల్లిపాయ, టమాటా, కారం, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో ఇస్తాడు. మిరపకాయ బజ్జీ ఎలాగూ ఉంటుంది. చలికాలమైతే తంపటేసిన తేగలు దొరుకుతాయి, నార పక్కకి తీసి నమలండి. ఎండాకాలమైతే తాటిముంజలు. కాయ కోయగానే బొటనవేలితో లాగి నీళ్లు కారకుండా నోట్లో వేసుకోవడం పిల్లలకి నేర్పండి, పిజ్జా మర్చిపోతారు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు సముద్రపు తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి. ఆలివ్ రిడ్లీ రకం, ఒక్కోటి నూరు దాకా పెడుతుంది. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి కంచె వేసిన చోట పాతిపెట్టి, యాభై రోజులకి పిల్లలు బయటికొస్తే సముద్రంలో వదులుతారు. తాబేలు పిల్లలకి వెలుతురున్న వైపే సముద్రమని తెలుసు. రిసార్టుల ఫ్లడ్‌లైట్లు ఒడ్డువైపు తిప్పి ఉంటే పాపం అటే పాక్కుంటూ వెళ్తాయి. ఆ నెలల్లో రాత్రి ఒడ్డుకెళ్తే సెల్‌ఫోను లైటు వెయ్యకండి, మీ రిసార్టు వాళ్లకీ లైట్లు తగ్గించమని చెప్పండి. మీరు డబ్బు కట్టినవాళ్లు, మీ మాట వింటారు.

ఎప్పుడు రావాలో కూడా చెప్పేస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇంజను పడవలు కదలవు. ఆ రోజుల్లో వంజరం తాజాదని ఎవరు చెప్పినా నమ్మకండి. ఒడ్డుకి దగ్గర్లో తెడ్డు పడవలవాళ్లు పట్టిన చిన్న చేపలు ఉంటే తినండి. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపాన్ల కాలం. 1977 నవంబరు 19 ఉప్పెన మా తరం మర్చిపోదు. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. నిజాంపట్నం హార్బరులో ప్రమాద సూచిక ఎగరేశారని వార్తలొస్తే, అడ్వాన్సు పోతే పోయిందనుకుని ఇంట్లో ఉండండి. కార్తీకమాసం ఆదివారాలు, పౌర్ణమి రోజు సముద్రస్నానాలకి వచ్చే జనంతో ఒడ్డు కనబడదు. భక్తి ఉంటే రండి, ప్రశాంతత కోసమైతే వద్దు. సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి ఆఖరు దాకా, అదీ వారం మధ్యలో, ఈ తీరానికి అసలైన రోజులు.

గది బుక్ చేసేటప్పుడు వాళ్లని ఒక్క మాట అడగండి: పొద్దున ఐదింటికి సముద్రం వైపు గేటు తీస్తారా అని. ఏడింటికి ముందు తియ్యం అంటే ఇంకో రిసార్టు చూసుకోండి.